పందొమ్మిది మిషన్ల అత్తయ్య

మా మేనత్తకు కుట్టుపని రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఆ ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టినవాళ్ళు మంచినీళ్ళు కూడా తాగకుండా సంచీలోంచి జాకెట్టు గుడ్డ తీసి, "కొంచెం వదులుగా కుట్టండి అమ్మా" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. హాల్లో ఏడు, పడగ్గదిలో నాలుగు, వంటింటికి వెళ్ళే నడవలో అయిదు, వరండాలో రెండు, మెట్ల కింద ఒకటి. ఇన్ని పాత కుట్టుమిషన్లున్న ఇంటి ఇల్లాలికి జేబురుమాలు అంచు మడిచి కుట్టడం కూడా రాదంటే ఎవరు నమ్ముతారు?

అత్తయ్య తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. దుకాణాలు తిరిగి తూకపురాళ్ళు, నూనె కొలిచే డబ్బాలు, బట్టల కొట్లలో మీటరు బద్దలు సరిచూసి ముద్ర వెయ్యడం ఆవిడ పని. చేతిసంచీలో ఇత్తడి రాళ్ళ పెట్టె, చిన్న సుత్తి, ముద్ర వేసే ఉలి, భూతద్దం ఎప్పుడూ ఉంటాయి. ఇరవై ఏడేళ్ళు ఆ పని చేసిచేసి ఆవిడకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరైనా ఏదైనా బాగుందంటే చాలు, "దేనికంటే?" అని అడుగుతుంది. కాఫీ బాగుందంటే దేనికంటే. సినిమా బాగుందంటే దేనికంటే. నిజానికి ఉద్యోగంలో చేరకముందే ఆ లక్షణాలు కనిపించాయట. మా తాతయ్య పెళ్ళికొడుకును చూపించి "అబ్బాయి నచ్చాడా తల్లీ" అనడిగితే, "ఎవరికంటే?" అందట. తాతయ్య పాపం మరో ఇద్దరిని వెతికి తెచ్చి చూపించాడు. ముగ్గురినీ చూశాక మొదటాయనే నయమంది. మా మామయ్య ఆ ముక్క ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాడు. "నేను పోటీలో నెగ్గినవాణ్ణి" అంటాడు.

మామయ్య బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్ళిందో రాసుకోవడం తప్ప వాటిని తొందరపెట్టడం ఆయన పని కాదు. ఇంట్లోనూ అదే పద్ధతి.

ఈ మిషన్ల వ్యవహారం మొదలైంది ఒక బట్టల కొట్టు మెట్ల మీద. ఆ మెట్ల పక్కనే, ఎండ పడని మూల చూసుకుని ఒక టైలరు కూచునేవాడు. వయసు అరవైకి దగ్గర. మెడలో టేపు, చెవిలో పెన్సిలు, ముందు నల్లగా మెరిసే ఒక పాత మిషను. అందరూ ఆయన్ని మెట్ల టైలరు అనేవాళ్ళు. అత్తయ్య కొట్లో మీటరు బద్దకు ముద్ర వేసి బయటికొస్తుంటే ఆయన మిషను మెడ మీద చెయ్యివేసి నిమురుతూ అన్నాడు.

"మేడమ్, దీనికీ ఒక ముద్ర వెయ్యండి. ఊరు మొత్తంలో ఇంతకంటే మంచి మిషను లేదు."

"దేనికంటే?" అంది అత్తయ్య.

"అన్నిటికంటే."

"అన్నీ చూశారా?"

మెట్ల టైలరు కాసేపు ఆలోచించి, చూడలేదని ఒప్పుకున్నాడు. కానీ చూడాల్సిన అవసరం లేదన్నాడు. ఆ ఒక్కమాట అత్తయ్యకు కంట్లో నలుసులా పడింది. వారం రోజులు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు పాత ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి, సైకిలు చక్రాల కింద నలుగుతున్న ఒక మిషను తెచ్చి హాల్లో పెట్టింది.

"ఇదెందుకే?" అన్నాడు మామయ్య.

"పోల్చడానికండీ."

"దేంతో?"

అప్పుడు తట్టింది ఆవిడకు, పోల్చాలంటే రెండుండాలని. రెండోది తెచ్చింది. మొదటిది చప్పుడు తక్కువ, రెండోది కుట్టు సన్నం. ఇందులో ఏది గొప్పో తేల్చడానికి మూడోది అవసరమైంది. మూడోది చప్పుడూ ఎక్కువే, కుట్టూ లావే, కానీ పెడలు మీంచి కాలు తీసేశాక చక్రం మిగతా రెండిటికంటే ఎక్కువసేపు తిరిగింది. దాంతో లెక్క పూర్తిగా చెడిపోయింది. ఆరేళ్ళు తిరిగేసరికి పందొమ్మిదయ్యాయి.

పేర్లు కూడా పెట్టింది. ముప్పై కుట్లకోసారి ఖళ్ళుమనేది దగ్గుల తాత. ఎంత తొక్కినా చప్పుడు చెయ్యనిది మూగది. మంచిగా ఉంటూనే ఉన్నట్టుండి దారం తెంపేది అలకమ్మ. సూది ఎటు దిగుతుందో దానికే తెలియనిది మెల్లకన్ను. ఇలా.

ఇల్లు ఇరుకయ్యాక భోజనాల బల్ల తీసేసి నాలుగు మిషన్లు దగ్గరగా జరిపి వాటి మీద చెక్క పరిచారు. అక్కడే తినేవాళ్ళం. కింద పెడళ్ళు ఉంటాయి కదా, కాళ్ళు ఊరుకోవు. తింటున్నంతసేపూ అందరి కాళ్ళూ వాటిపాటికవి తొక్కుతుంటాయి. పప్పు వడ్డిస్తే పప్పులో చిన్న చిన్న అలలు. ఒకసారి మామయ్య పై అధికారి భోజనానికి వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉత్సాహంలో గట్టిగా తొక్కేసరికి ఆయన గ్లాసు నడుచుకుంటూ నా ముందుకొచ్చి ఆగింది. ఆయన దాన్ని చూశాడు, నేను చూశాను. "తాగమ్మా" అన్నాడు.

ఇక పరీక్ష. ప్రతి ఆదివారం పొద్దున్న. ఒకే తెల్లగుడ్డలోంచి జానెడు పీలికలు కత్తిరించి, ఒకే నల్లదారంతో, ప్రతి మిషను మీదా ఒక్కో వరస కుట్టేది అత్తయ్య. అన్నీ వంకరే. కుట్టడం రానివాళ్ళు పరీక్ష ఎలా పెడతారని నేనొకసారి అడిగాను.

"కుట్టడం వచ్చినవాళ్ళయితే నచ్చిన మిషను మీద శ్రద్ధగా కుడతారు. నాకు అన్నిటి మీదా సమానంగా రాదు. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?" అంది.

కుట్లు లెక్కపెట్టడం సులువే, భూతద్దం ఉంది. చప్పుడు కొలవడమే కష్టం. దానికి ఆవిడ కనిపెట్టిన ఉపాయం మా మామయ్య. అత్తయ్య మిషను తొక్కుతూ ఉంటుంది. మామయ్య పక్కన నించుని పేపరు పైకి చదువుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తాడు. ఆయన గొంతు వినిపించడం మానేసిన క్షణాన అత్తయ్య చెయ్యెత్తుతుంది. ఆయన అక్కడ సుద్దముక్కతో గీత గీస్తాడు. దగ్గుల తాతకు వంటింటి గుమ్మం దాకా కూడా వెళ్ళక్కర్లేదు. మూగదానికి మాత్రం గుమ్మం దిగి, గేటు దాటి, వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు దాకా వెనక్కి నడుస్తూ చదవాలి.

రోజుకో వార్త చదివితే కొలత మారిపోతుందని, ఎప్పుడూ ఒకే వార్త చదవాలని అత్తయ్య నిబంధన. దాంతో ప్రధాన నీటిగొట్టం పగిలిన వార్త ఆయన ఆరేళ్ళపాటు చదివాడు. వీధిలో వాళ్ళందరికీ కంఠతా వచ్చేసింది. ఇస్త్రీ కొట్టాయన మామయ్య కనిపించగానే రెండో పేరా అందుకునేవాడు. మామయ్యకైతే అది రక్తంలో కలిసిపోయింది. డిపోలో ఎవరిదో రిటైర్మెంటు సభలో నాలుగు మాటలు మాట్లాడమని మైకు చేతికిస్తే, ఆయనకు నోట మాట రాక, "నిన్న ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో ప్రధాన నీటిగొట్టం పగలడంతో పలు కాలనీలకు సరఫరా నిలిచిపోయింది. మరమ్మతులకు మరో రెండు రోజులు పట్టవచ్చని అధికారులు తెలిపారు" అని చెప్పి కూచున్నాడు. రిటైరవుతున్నాయన లేచి వచ్చి కౌగిలించుకుని ఏడ్చాడట. తన గురించి ఇంత లోతుగా ఎవరూ మాట్లాడలేదన్నాడట.

ఇంత చేసినా తేలింది ఏమీ లేదు. ఎందుకంటే అసలు మిషను పరీక్షలో లేదు. ఏడాదికోసారి ముద్ర వెయ్యడానికి బట్టల కొట్టుకు వెళ్ళినప్పుడల్లా మెట్ల టైలరు చెవిలో పెన్సిలు సర్దుకుంటూ అడిగేవాడు.

"తేలిందా మేడమ్?"

"మీది తీసుకొస్తేగా తేలేది."

"ఇది పరాయి ఇళ్ళకు రాదండీ."

ఆరో ఏడు బట్టల కొట్టుకు సున్నం వేయిస్తూ నాలుగు రోజులు మూసేశారు. చేతిలో పని లేక మెట్ల టైలరు మనసు మెత్తబడింది. ఒక ఆదివారం పొద్దున్నే మిషనుకు దుప్పటి కప్పి, తోపుడుబండి మీద ఎక్కించుకుని అత్తయ్య గేటు ముందు దిగాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. బండి తోసుకొచ్చినాయన యాభై ఏళ్ళ మనిషి, పిక్కలు ఇటికల్లా ఉన్నాయి. ఈయన్ని బండాయన అందాం, మేమంతా అలాగే పిలిచాం.

గేటు దగ్గరే పేచీ వచ్చింది.

"నా మిషను నేను తప్ప ఇంకొకరు తొక్కకూడదు" అన్నాడు మెట్ల టైలరు.

"అన్నిటినీ ఒక్క మనిషే తొక్కాలి. మీది మీరు తొక్కితే మిగతా పందొమ్మిదీ మీరే తొక్కాలి" అంది అత్తయ్య.

"తొక్కుతాను. కానీ అవి ముందు, ఇది చివర. అలిసిపోయాక కూడా ఇదెలా కుడుతుందో చూపిస్తాను."

"అలిసిపోతే అది వేరే కాలు. కుదరదు."

"అయితే మీరే తొక్కండి."

అత్తయ్య సంబరంగా ముందుకు రాబోతే ఆయన రెండు చేతులూ చాపి మిషనుకు అడ్డంగా నించున్నాడు. మామయ్య చేతిలో ఉన్న, అత్తయ్య కుట్టిన పీలికలు ఆయన అప్పటికే చూసేశాడు. అప్పుడు బండాయన, "నేను తొక్కనా? నాకు ఏదైనా ఒకటే" అన్నాడు.

అంతకంటే నిష్పక్షపాతమైన మాట అత్తయ్య తన సర్వీసులో వినలేదు. ఒప్పేసుకుంది.

బండాయన జీవితంలో మిషను తొక్కలేదు. ఎత్తు మీదికి బండి తోస్తున్నట్టు పళ్ళు బిగించి తొక్కాడు. మొదటి మిషను దారం తెగింది. రెండోది సూది విరిగింది. అలకమ్మ బెల్టు ఊడి మామయ్య కళ్ళజోడుకు తగిలింది. మూగది మొట్టమొదటిసారి మూలిగింది. మామయ్య నీటిగొట్టం వార్తతో ఇంటికీ ఇస్త్రీ కొట్టుకీ మధ్య తిరగలేక ఆయాసపడుతున్నాడు. ఇంత గందరగోళంలో దగ్గుల తాత ఒక్కటి, ఖళ్ళుఖళ్ళుమంటూనే, బండాయన కాలికి సరిపోయిన జోడులా పీలిక చివరిదాకా గీత గీసినట్టు కుట్టింది. రెండోసారి కుట్టినా అంతే. ఇనప కొట్లో ఊరికే ఇస్తే కూడా ఎవరూ తీసుకెళ్ళని మిషను మొదటి స్థానం.

మెట్ల టైలరు మిషను పదకొండోదిగా వచ్చింది.

ఆయన దుప్పటి తీసి, జ్వరం వచ్చినవాళ్ళకు కప్పినట్టు మిషనుకు మెడ దాకా కప్పాడు. తరవాత అన్నాడు, "అది కాలు తప్పు. నన్ను తొక్కనివ్వండి. ఇరవయ్యీ నేనే తొక్కుతాను, మీరు చెప్పిన వరసలోనే."

చెప్పులు విడిచి కూచున్నాడు. ఆయన కూచోగానే ఇల్లు మారిపోయింది. కాలు ఆడుతోందో లేదో తెలియడం లేదు, గుడ్డ మాత్రం సూది కింద నీళ్ళలా జారుతోంది. మెల్లకన్ను మెల్ల మర్చిపోయింది. అలకమ్మ అలగలేదు. దగ్గుల తాత దగ్గినప్పుడల్లా ఆయన తల చిన్నగా ఊపి, దగ్గు అయ్యాక ముందుకు పోనిచ్చాడు. భోజనాల వేళ దాటింది, ఎవరికీ ఆకలి గుర్తులేదు. ఇరవై పీలికలు వరసగా చాప మీద పరిచాం. అత్తయ్య భూతద్దం పట్టుకుని మోకాళ్ళ మీద ఆ చివర్నుంచి ఈ చివరికి పాకింది. మళ్ళీ పాకింది. పీలికల్ని కలిపేసి, ఏది ఏ మిషనుదో చెప్పమని టైలరునే అడిగింది. ఆయన చూసి, తనకూ తెలియడం లేదన్నాడు. ఇరవయ్యీ ఒక్కలాగే ఉన్నాయి.

నేను చప్పట్లు కొట్టబోయాను. ఆయన ముఖం అప్పటికే వెలిగిపోతోంది. అత్తయ్య భూతద్దం తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ నిదానంగా చెప్పింది.

"మీ చెయ్యి పనికిరాదండీ."

"ఏమన్నారు?"

"కిలో రాయి పెట్టినా, అరకిలో రాయి పెట్టినా ముల్లు ఒకే చోట ఆగిందనుకోండి, ఆ త్రాసును మేం ఏం చేస్తాం? కొట్టు ముందే పగలగొట్టి వస్తాం. మీ చేతిలో తేడా తెలియడం లేదు. బండాయన కాలు నయం. నా చెయ్యి ఇంకా నయం."

మెట్ల టైలరు నోరు తెరిచి మామయ్య వైపు చూశాడు. మామయ్య ఆయన భుజం మీద చెయ్యివేసి, "మా ఆవిడ మెచ్చుకోవడం అలాగే ఉంటుంది" అని సర్దబోయాడు. "మెచ్చుకోలేదండీ" అంది అత్తయ్య. ముప్పై అయిదేళ్ళుగా కుడుతున్నాను, నన్ను చెడిపోయిన త్రాసు అన్నవాళ్ళు లేరని గొణుక్కుంటూ ఆయన మిషనును బండెక్కించాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. చెప్పులు మర్చిపోయాడనుకున్నాం. నేరుగా మూగదాని దగ్గరికెళ్ళి, చక్రం ఒక్కసారి చేత్తో తిప్పి, తల పక్కకు వంచి విని వెళ్ళిపోయాడు. చెప్పులు మాత్రం నిజంగానే మర్చిపోయాడు. మర్నాడు వాటికోసం వచ్చి గంటన్నర కూచున్నాడు. ఆ తరవాత ఏదో వంకతో ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు.

చెప్పులకోసం టైలరు వచ్చిన రోజే బండాయన కూడా వచ్చాడు. ఆయనకు వంకలు తెలియవు. చేతులు నలుపుకుంటూ, "అమ్మగారూ, ఆ దగ్గేది నాకిచ్చేస్తారా? మా ఇంటిదానికి కుట్టుపని వచ్చు, మిషను లేదు" అన్నాడు.

అత్తయ్య అప్పటిదాకా ఒక్క మిషను కూడా గడప దాటనివ్వలేదు. మధ్యలో ఒకటి తీసేస్తే ఆరేళ్ళ పట్టికలో ఒక గడి ఖాళీ అయిపోతుంది. పైగా అది ఇప్పుడు మొదటి స్థానంలో ఉంది. దగ్గుల తాత ముందు నించుని చాలాసేపు ఆలోచించింది. మామయ్య వరండాలోంచి, "పద్దెనిమిదైతే నా గొంతుకు కాస్త ఊరట" అని మాత్రం అన్నాడు.

ఇచ్చేసింది. ఊరికే ఇవ్వలేదు. తప్పుడు కొలతతో ఏ వస్తువూ ఇంకొకరి చేతికి వెళ్ళకూడదని, దాని లోపాలన్నీ అట్టముక్క మీద రాసి చక్రానికి దారంతో కట్టింది. ముప్పై కుట్లకోసారి దగ్గుతుంది. దగ్గేటప్పుడు ఆపకూడదు. వానాకాలం ఇరవై రెండు కుట్లకే దగ్గుతుంది. ఎడమవైపుకు లాగుతుంది. గట్టిగా తొక్కేవాళ్ళంటే ఇష్టం. బండి వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నించుంది. లోపలికొచ్చి హాల్లో ఖాళీ అయిన చోట ఒక కుర్చీ వేసింది, మళ్ళీ తీసేసింది.

నెల తిరక్కుండానే బండాయన ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అమ్మగారూ, అది దగ్గడం మానేసిందండీ."

అత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది, వెనక నేనూ. బండాయన ఇల్లు ఒకటే గది. కిటికీ కింద దగ్గుల తాత తళతళలాడుతూ ఉంది. బండాయన భార్య సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. అట్టముక్క చదివించుకుని, దగ్గుతుందంటే గొంతులో ఏదో పడి ఉంటుంది కదా అనుకుని, కింద రేకు విప్పి చూసిందట. అల్మారాలోంచి ఆ గొంతులో దొరికినదాన్ని తీసి అత్తయ్య అరచేతిలో పెట్టింది. ఖాకీరంగు బొత్తాం. డిపో యూనిఫారందే, మామయ్యది.

అత్తయ్య దాన్ని భూతద్దంతో చూసింది. అటూ ఇటూ తిప్పింది.

"ఆరేళ్ళుగా నేను కొలిచింది మిషను కాదన్నమాట" అంది. "బొత్తాన్ని."

బాధపడుతుందేమో అని భయపడ్డాను. ఆవిడ మంచం అంచున కూచుంది. మొదట భుజాలు కదిలాయి, తరవాత నవ్వు బయటికొచ్చింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఏం జరిగిందో అర్థంకాక బండాయన భార్య మంచినీళ్ళిచ్చింది. తాగి, మళ్ళీ నవ్వింది. బండాయన ఒక్కడే నవ్వలేదు. ఆయనకు ఆ దగ్గు నచ్చింది పాపం. ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నట్టుండేదట. బొత్తాం మళ్ళీ లోపల వేద్దామా అని భార్యను అడిగాడు. ఆవిడ చూసిన చూపుకు బయటికెళ్ళి బండి చక్రాలకు నూనె పెట్టుకున్నాడు.

ఇక మిగతా పద్దెనిమిదీ విప్పక తప్పలేదు. విప్పడం అత్తయ్యకు రాదు, మెట్ల టైలరుకు వచ్చు. ఆదివారాలు పరీక్షలు ఆగిపోయి ఆపరేషన్లు మొదలయ్యాయి. చాప మీద ఇద్దరూ ఎదురెదురుగా కూచుని ఒక్కో రేకూ విప్పేవాళ్ళు. అలకమ్మ కడుపులో తలపిన్నులు మూడు, మెల్లకన్నులో సగం విరిగిన సూది, వరండాలోదాన్లో ఎవరి పిల్లదో ఊడిన పాలపన్ను. ఏ మిషనులో ఏం దొరికిందో అత్తయ్య కొత్త పుస్తకంలో రాసుకునేది. మామయ్యకు పేపరు చదివే పని తప్పింది కానీ స్క్రూలు పట్టుకుని నించునే పని పడింది.

మూగదాన్ని చివరికి ఉంచారు. దాన్ని మెట్ల టైలరు ఒక్కడే విప్పుతానన్నాడు. మెత్తటి గుడ్డ పరిచి, ముక్క ముక్కా తుడిచి వరసగా పెట్టాడు. లోపల ఏమీ లేదు, వెంట్రుక కూడా. ఎంతో శ్రద్ధగా బిగించాడు. బిగించాక మామయ్య చేతిలో రెండు స్క్రూలు మిగిలాయి. పెడలు మీద కాలు పెట్టగానే మూగది కటకటకటమని ఇల్లంతా మోగించింది. మళ్ళీ విప్పాడు. ఈసారి ఒక్క స్క్రూ మిగిలింది, చప్పుడు ఇంకా పెరిగింది.

"నా చెయ్యి పనికిరాదని మీరు ముందే అన్నారు మేడమ్" అన్నాడు ఆయన, స్క్రూ వైపు చూస్తూ.

"అది తేడా తెలియనప్పటి మాట. ఇప్పుడు తెలుస్తోంది. చాలా తెలుస్తోంది" అంది అత్తయ్య.

ఆయన మూగదాన్ని తనతో పంపమని అడిగాడు, బాగుచేసి తెస్తానని. ఇప్పుడది బట్టల కొట్టు మెట్ల మీద, నల్లమిషను పక్కనే ఉంది. బాగుపడలేదు. ఆయన దాని మీదే ఎక్కువగా కుడుతున్నాడని, మాటలు వినిపించక కొట్టుకొచ్చేవాళ్ళు కొలతలు అరిచి చెబుతున్నారని విన్నాను.

అత్తయ్య దగ్గర పదిహేడు మిగిలాయి. మొన్న ఇంకోటి తెచ్చింది, చేత్తో తిప్పేది. బండాయన భార్య దగ్గు పోయిన దగ్గుల తాత మీద సంచులు కుట్టి బండి మీద పెట్టి అమ్మిస్తోంది. నాకూ ఒకటి పంపింది. కుట్టు తిన్నగా ఉంది, పిడులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కూరలకు అదే పట్టుకెళ్తున్నాను. ఎడమభుజానికి వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.